ఆరేళ్లు వాడాక: చెన్నైలో నేను చదివిన సముద్ర న్యాయ డిప్లొమా

2018 జూలైలో చేరాను. ఏడాది కోర్సు, శని ఆదివారాల్లో క్లాసులు, ఫీజు 90 వేలు. అప్పటికి నేను మద్రాసు హైకోర్టులో మూడేళ్ల జూనియర్‌ని. లింగి చెట్టి వీధిలో మా సీనియర్ గారి ఆఫీసులో చెక్ బౌన్స్ కేసులు, అద్దె తగాదాలు చూసుకునేదాన్ని. ఆ ఏడాది ఏప్రిల్ 1నే 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం, అంటే ఓడల మీద వేసే దావాల చట్టం, అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఓడల దావాలంటే బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టుల పేర్లే వినిపించేవి. కొత్త చట్టం మన తెలుగు రాష్ట్రాల అప్పటి ఉమ్మడి హైకోర్టుకు కూడా ఆ అధికారాన్ని పేరు పెట్టి మరీ ఇచ్చింది. విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం ఇన్ని రేవులున్న తీరం మనది. ఆ కేసులు చూడటానికి తెలుగు లాయర్లు ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టుకుంటే నాకు తెలిసినవాళ్లు ఒక చేతి వేళ్లు కూడా దాటలేదు. అందుకే చేరాను.

కోర్సు ముగిసి ఆరేళ్లు దాటింది. చేరమంటారా వద్దంటారా అని జూనియర్లు అడుగుతూనే ఉన్నారు, ప్రతిసారీ ఫోన్లో గంట చెబుతున్నాను. అదంతా ఇక్కడ రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఒక్క మాటలో చెప్పమంటే, ఈ చదువు నాకు కాగితం చదవడం నేర్పింది, తేదీ చూడటం నేర్పింది. కోర్టులో పని నడిపించడం నేర్పలేదు.

కాగితం సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే నేను కట్టిన ఫీజంతా ఆ ఒక్క క్లాసుకే చెల్లిందనుకుంటాను. మొదటి శనివారం ఒక రిటైర్డ్ కెప్టెన్ గారు వచ్చారు. చట్టం మాటే ఎత్తలేదు. ఒక బిల్ ఆఫ్ లేడింగ్‌ని పెద్దది చేసి ఫోటోకాపీ తీయించి తలా ఒకటి ఇచ్చారు. ముందువైపు సరుకు వివరాలు, వెనకవైపు చీమల బారులా షరతులు. "ఇది ఏమిటి?" అన్నారు. రసీదు అన్నాను. "అవును, రసీదే. రవాణా ఒప్పందానికి సాక్ష్యం కూడా ఇదే. సరుకు మీద హక్కు కూడా ఇదే. ఈ కాగితం ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్లది" అన్నారు. తర్వాత వేలు పెట్టి ఒక్కో గడీ చదివించారు. సరుకు పేరుకు ముందు 'సెడ్ టు కంటెయిన్' అని ఉంది. కంటైనర్ లోపల ఏముందో ఓడవాళ్లు చూడలేదు, ఎగుమతిదారు చెప్పిందే రాసుకున్నారు అని దానర్థం. ఆ రెండు మూడు మాటల మీద ఎన్ని కేసులు నిలబడ్డాయో, ఎన్ని కూలిపోయాయో చెబుతూ మూడు గంటలు ఒకే కాగితం మీద గడిపారు. అప్పటిదాకా నేను చదివిన ఎల్‌ఎల్‌బీలో ఒక పత్రాన్ని అంత నెమ్మదిగా చదివించినవాళ్లు లేరు.

అది 2021లో అక్కరకొచ్చింది. గుంటూరు నుంచి ఒక మిర్చి ఎగుమతిదారు వచ్చారు. చెన్నై రేవు నుంచి మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌కు పంపిన కంటైనర్‌లో తేమ పట్టి బస్తాలకు బూజు వచ్చింది. అక్కడి కొనుగోలుదారు సర్వే చేయించి సరుకు వద్దన్నాడు, బిల్లులు బ్యాంకు నుంచి వెనక్కి వచ్చాయి. ఆయన కథంతా చెబుతుంటే నేను వింటూనే ఓడ ఏ రోజు చేరిందో వెతుకుతున్నాను. ఓడల్లో సరుకు రవాణాకు వర్తించే హేగ్ నియమాల ప్రకారం సరుకు అప్పగించిన రోజు నుంచి, లేదా అప్పగించాల్సిన రోజు నుంచి ఏడాది లోపల దావా వేయాలి. ఏడాది దాటితే ఓడవాళ్ల బాధ్యతే పోతుంది. మామూలు కాంట్రాక్టు దావాలకు ఉండే మూడేళ్ల గడువు అలవాటైన లాయరు ఇక్కడే దెబ్బతింటాడు. లెక్క చూస్తే ఇంకా పంతొమ్మిది రోజులే ఉన్నాయి. "మిల్లు పనుల్లో పడి ఆలస్యమైందమ్మా, ఇంకా రెండేళ్లుందిలే అన్నారు మా ఊళ్లో" అన్నారాయన. ఆ సాయంత్రమే మిగతాదంతా పక్కన పెట్టి, గడువు పొడిగించమని క్యారియర్, అంటే సరుకు మోసిన ఓడ కంపెనీ, ఏజెంటుకు ఈమెయిల్ పెట్టాను. ఎనిమిదో రోజుకి మూడు నెలలు ఇస్తూ జవాబొచ్చింది. ఆ ఎనిమిది రోజులూ దావా పత్రం కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. చివరికి కోర్టు దాకా పోకుండానే సగానికి పైగా డబ్బు తిరిగొచ్చింది.

ఆ కేసులో ఇంకో చిన్న విషయం కూడా క్లాసులో నేర్చుకున్నదే. ఓడవాళ్ల బాధ్యతకు పరిమితి ఉంటుంది. ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్, లేదా కిలోకి 2 ఎస్‌డీఆర్, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క కట్టే ఒక విలువ. బిల్ ఆఫ్ లేడింగ్‌లో 'ఒక కంటైనర్' అని మాత్రమే రాసి ఉంటే కంటైనర్ మొత్తం ఒక్క ప్యాకేజీ. బస్తాల సంఖ్య రాసి ఉంటే బస్తా ఒక్కోటీ ఒక ప్యాకేజీ. మా క్లయింటు బిల్లులో బస్తాల సంఖ్య ఉంది కాబట్టి పరిమితి మాకు అడ్డు రాలేదు. అప్పటి నుంచి ఏ ఎగుమతిదారు కలిసినా, భీమవరం రొయ్యలవాళ్లయినా సరే, బిల్లులో సంఖ్య రాయించుకోండి అని ముందుగా చెబుతున్నాను.

డెమరేజ్ లెక్కలు కూడా బాగా నేర్పారు. సరుకు దించడానికి ఒప్పుకున్న సమయం దాటి ఓడను ఆపితే రోజుకింతని కట్టే డబ్బే డెమరేజ్. రూళ్ల నోట్‌బుక్‌లో చేత్తో వేయించారు. ముప్పై వేల టన్నుల సరుకు, రోజుకి 5 వేల టన్నులు దించాలని ఒప్పందం అయితే ఆరు రోజుల సమయం. ఓడ సిద్ధమని నోటీసు ఇచ్చింది ఎప్పుడు, వర్షం ఎన్ని గంటలు పడింది, ఆదివారం లెక్కలోకి వస్తుందా రాదా, ఇవన్నీ రేవు రికార్డు చూసి గీతలు గీసుకుంటూ తీసేయాలి. నవంబరులో చెన్నై వర్షాలు తెలిసినవాళ్లకు ఈ లెక్క ఎంత డబ్బో అర్థమవుతుంది. ఆరు రోజులు దాటి డెమరేజ్ మొదలైందంటే ఇక వర్షం పడ్డా, ఆదివారం వచ్చినా, ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప మీటరు ఆగదు. రోజుకి 12 వేల డాలర్లయితే ఒకటిన్నర రోజుకి 18 వేల డాలర్లు. మొదటిసారి ఈ లెక్క తప్పు చేసినప్పుడు మా టీచర్ కొట్టేసి మళ్లీ వేయమన్నారు, నాలుగోసారికి సరిపోయింది.

ఇక ఓడను అరెస్టు చేయించడం, అంటే బాకీకి హామీగా ఓడను కోర్టు ఉత్తర్వుతో కదలకుండా ఆపించడం. దీని మీద ఒక ఆదివారం మూడు గంటల్లో దరఖాస్తు, అఫిడవిట్ రాయాలని పరీక్ష పెట్టారు. నేను ఓడ పేరు, జెండా దేశం, యజమాని, బాకీ అన్నీ రాశాను. టీచర్ పైనుంచి కింద దాకా చూసి పక్కన పెట్టేశారు. ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) నంబరు లేదు. ఓడ పేరు రాత్రికి రాత్రి రంగు వేసి మార్చేయొచ్చు, జెండా మారొచ్చు, యజమాని మారొచ్చు. ఆ ఏడంకెల నంబరు మాత్రం ఓడ పుట్టినప్పటి నుంచి తుక్కు కింద పోయేదాకా ఒకటే. ఇప్పుడు ఏ ఫైలు తెరిచినా మొదటి పేజీ పైన ఆ నంబరు రాస్తాను, దాని పక్కనే ఓడ రేవు వదిలే సమయం.

2022లో ఒక రాత్రి పది దాటాక ఫోన్ వచ్చింది. శ్రీకాకుళం కుర్రాడు, చెన్నై రేవు బయట లంగరు వేసిన చిన్న సరుకు ఓడలో పని. ఎవరో నా నంబరు ఇచ్చారట, తెలుగులో మాట్లాడే లాయరని. "అక్కా, జీతం రాక అయిదు నెలలైంది. తాగే నీళ్లు కూడా కొలిచి ఇస్తున్నారు. ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందనే చెబుతున్నా" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. ఆ రాత్రే డిప్లొమా నోట్సు తీశాను. 2017 చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం నావికుల జీతానికి ఓడ మీద హక్కు ఉంటుంది, ఆ హక్కుల వరసలో మొట్టమొదటిది అదే. మిగతా హక్కులకు ఏడాది గడువైతే జీతాలకు రెండేళ్లు. యజమాని ఏ దేశంలో ఉన్నా, ఓడ ఇక్కడ ఉంది కాబట్టి దావా ఓడ మీదే వేయొచ్చు. మా సీనియర్ గారు ఫీజు మాట ఎత్తకుండా ఒప్పుకున్నారు. నాలుగో రోజుకి అరెస్టు ఉత్తర్వు వచ్చింది. ఓడను అమ్మకానికి పెట్టే దశ దాకా వెళ్లకముందే యజమాని జీతాలు కట్టాడు. ఆ కుర్రాడు పలాస స్టేషన్లో దిగి ఫోన్ చేశాడు.

అయితే ఆ నాలుగు రోజుల్లో నేను పడిన టెన్షన్ గురించి కూడా చెప్పాలి, కోర్సులో లోపం అక్కడే ఉంది. దరఖాస్తు ఎలా రాయాలో తెలుసు. దాన్ని రిజిస్ట్రీలో ఎక్కడ ఇవ్వాలి, అర్జెంటుగా కోర్టు ముందు ఎలా ప్రస్తావించాలి, ఉత్తర్వు వచ్చాక దాన్ని రేవు అధికారులకు, కస్టమ్స్‌కు ఎవరు చేర్చాలి, ఇవేవీ ఆ ఏడాదిలో ఒక్కరూ చెప్పలేదు. మా సీనియర్ గారి గుమాస్తా చెప్పాడు, ముప్పై ఏళ్ల అనుభవం ఆయనది. అరెస్టయిన ఓడను విడిపించుకోవడానికి యజమాని తరఫు పీ అండ్ ఐ క్లబ్బు, అంటే ఓడల యజమానులు కలిసి నడిపే బీమా సంఘం, హామీ పత్రం ఇస్తుంది. ఆ పత్రంలో ప్రతి మాట మీద బేరం నడుస్తుంది, చాలా కేసుల్లో అసలు పని అదే. దానికి కోర్సులో ఇచ్చింది అరగంట. తప్పుడు అరెస్టయితే నష్టపరిహారం కడతానని దావా వేసినవాళ్ల దగ్గర కోర్టు హామీ తీసుకోవచ్చని నాకు తెలిసింది కూడా ఆ నావికుల కేసులోనే.

ఇంకా బాధ కలిగించింది ఏమిటంటే, కొత్త చట్టం వచ్చి నెలలు గడిచినా మూడు వారాల పాటు 1861 నాటి ఇంగ్లిష్ అడ్మిరాల్టీ కోర్టు చట్టమే చెప్పారు. చరిత్రగా ఒక గంట చెబితే చాలు. అచ్చు వేసిన నోట్సులో కూడా పాతదే. అడిగితే వచ్చే బ్యాచ్‌కి మారుస్తాం అన్నారు. ఎంవీ ఎలిజబెత్ తీర్పును పది నిమిషాల్లో దాటేశారు. నాకు అది మనసుకు కష్టమనిపించింది. ఆ కథ మన విశాఖపట్నంలో జరిగింది. 1984లో గోవాలోని మర్మగోవా రేవు నుంచి బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండానే సరుకుతో వెళ్లిపోయిన ఓడ, తర్వాత విశాఖ రేవులోకి రాగానే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అరెస్టు చేయించింది. ఈ హైకోర్టుకు ఆ అధికారమే లేదని యజమానులు వాదించారు. 1992లో సుప్రీంకోర్టు, ఉందని తేల్చింది. వలస పాలన నాటి చట్టాల దగ్గరే మన కోర్టుల అధికారం ఆగిపోలేదని చెప్పిన తీర్పు అది. హాస్టల్ గదిలో రాత్రి కూర్చుని మొత్తం చదివాను. ఇప్పటికీ రెండేళ్లకోసారి మళ్లీ చదువుతాను.

ఎన్నూరు దగ్గర 2017 జనవరిలో రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికినప్పుడు జనం బకెట్లతో తోడిన సంగతి మీద మాత్రం మంచి చర్చ జరిగింది. ట్యాంకర్ సరుకుగా మోసే చమురుకి ఒక ఒప్పందం, మామూలు ఓడ ఇంజిన్ కోసం ఉంచుకునే ఇంధనానికి వేరే ఒప్పందం వర్తిస్తాయని అప్పుడే స్పష్టమైంది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం మీద క్లాసులు ఫరవాలేదు. దేశ జలాల హద్దు 12 నాటికల్ మైళ్లు, ప్రత్యేక ఆర్థిక మండలం 200 నాటికల్ మైళ్లు అని పటం మీద గీయించారు. ప్రాక్టీసులో నాకు దానితో ఇంతవరకు పని పడలేదు.

ఇప్పుడు చేరేవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 2025లో బిల్ ఆఫ్ లేడింగ్ చట్టం, సముద్ర రవాణా సరుకుల చట్టం, మర్చంట్ షిప్పింగ్ చట్టం, ఓడరేవుల చట్టం అన్నీ కొత్తగా వచ్చాయి. 1856, 1925, 1958 నాటి పాత చట్టాల స్థానంలోకి తెచ్చినవి ఇవి. సిలబస్‌లో ఇవి ఉన్నాయా, నోట్సు మార్చారా అని చేరేముందే చూపించమనండి. నేను పాత విద్యార్థిగా ఒక్క రోజు రిఫ్రెషర్ పెట్టమని అడిగితే మళ్లీ సగం ఫీజు అన్నారు. సొంతంగా చదువుకున్నాను.

లా కాలేజీ నుంచి నేరుగా వెళ్లొద్దు. కనీసం ఒక్క సరుకు కేసు ఫైలు, ఒక్క షిప్ ఏజెంట్ ఆఫీసు చూశాక వెళ్లండి, అప్పుడు ప్రతి క్లాసూ బుర్రలో నిలుస్తుంది. మా బ్యాచ్‌లో కస్టమ్స్ హౌస్ ఏజెంటు దగ్గర పనిచేసిన ఒకాయన వేసిన ప్రశ్నలకు మాకెవరికీ అర్థం కూడా తెలిసేది కాదు. అంతర్జాతీయ సంస్థల్లో పనిచేయాలనుకుంటే మాల్టాలో 1988లో స్థాపించిన ఐఎంఓ సముద్ర న్యాయ సంస్థ లాంటివి చూసుకోండి, ఈ డిప్లొమా దానికి సరిపోదు. చెన్నైలోనో విశాఖలోనో కూర్చుని ఎగుమతిదారులకు, నావికులకు పనిచేయాలనుకుంటే మాత్రం చేరండి.

కాకినాడలో ప్రాక్టీసు మొదలుపెట్టిన మా పిన్ని కూతురు పోయిన నెల అడిగింది. నా నోట్సులోంచి 1861 చట్టం పేజీలు తీసేసి, డెమరేజ్ లెక్కల నోట్‌బుక్‌తో కలిపి కొరియర్ చేశాను. కెప్టెన్ గారు ఇచ్చిన బిల్ ఆఫ్ లేడింగ్ ఫోటోకాపీకి మాత్రం ఇంకో కాపీ తీయించి పంపాను. మొదటిది నా డెస్కు అద్దం కిందే ఉంది.