చెల్లె పెళ్ళికి కొన్న కెమెరా: అయిదేళ్ళు దాటాక కెనాన్ 200డి మార్క్ 2 గురించి

మా చెల్లె పెళ్ళి ఆల్బమ్‌లో మా అమ్మమ్మ ఒక్క ఫోటోలోనే ఉంది. స్టేజీ ఎక్కి అక్షింతలు వేస్తుంటే తీసింది, అదీ పక్క నుంచి. నా కెమెరాలో మాత్రం ఆమెవి నలభై ఒక్క ఫోటోలున్నాయి. రోలు ముందు కూర్చుని పసుపు కొమ్ములు దంచుతూ, ఐరేని కుండల (పెళ్ళికి కుమ్మరి ఇంటి నుంచి తెచ్చే కుండలు) వెనక డప్పు చప్పుడుకు నడుస్తూ, అప్పగింతలప్పుడు గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటూ. 2022లో అమ్మమ్మ పోయింది. ఇంట్లో పటం కట్టించిన ఫోటో కూడా ఇందులోదే. ఈ కెమెరా అంటే నాకు ఎందుకింత ఇష్టమో ముందే చెప్పేశాను. ఇక మంచీ చెడూ రెండూ చెప్తాను.

మాది హనుమకొండ. పెళ్ళి 2020 ఫిబ్రవరిలో, మాఘమాసం ముహూర్తం. కెమెరా కొన్నది 2019 డిసెంబర్ మొదట్లో. అప్పటికే ఫోటోగ్రాఫర్‌కు అడ్వాన్స్ ఇచ్చేశాం. "గంత పైసలు పెట్టి ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడినం గద బిడ్డా, మళ్ళ నీకు కెమెరా ఎందుకు?" అని బాపు అడిగాడు.

నా లెక్క ఒకటే. ఫోటోగ్రాఫర్ వచ్చేది పెళ్ళికి. అంతకు ముందు వారం రోజులు ఇంట్లో జరిగేదానికి అతను ఉండడు. పసుపు దంచేది, సకినాలు చుట్టేది, మైలపోలు (పెళ్ళికి ముందు జరిగే తంతు), పెళ్ళికూతురికి నలుగు పెట్టేది, చుట్టాలు ఒక్కొక్కరే ఆటో దిగేది, ఇవన్నీ ఇంటి ఆడవాళ్ళ మధ్య నడిచే పనులు. అక్కడికి బయటి మనిషి కెమెరా పట్టుకుని వస్తే అందరూ కొంగు సర్దుకుని నిలబడతారు. ఇంటి పిల్ల తీస్తుంటే ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. కాబట్టి ట్యూబ్‌లైటు వెలుతురులో, ఇరుకు గదిలో, చేతికి బరువు కాకుండా పనిచేసే కెమెరా కావాలని వెతికాను. ఇంట్లో శుభకార్యానికి కెమెరా కొనేవాళ్ళు ఎవరైనా ముందు ఈ ప్రశ్న వేసుకోవాలని నా గట్టి నమ్మకం: ఫోటోగ్రాఫర్ తీయని ఫోటోలు ఏవి, అవి ఎక్కడ, ఏ వెలుతురులో జరుగుతాయి?

షాపులో మూడు చూశాను. కెనాన్ 1500డి తక్కువలో వస్తుంది, కానీ వెనక తెర కదలదు, తెర చూస్తూ తీస్తే ఫోకస్ నిదానం. నికాన్ డి5600 చేతిలో పట్టు బాగుంది, వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కిటికీ) 39 ఫోకస్ పాయింట్లున్నాయి, కానీ అది కూడా తెర చూస్తూ తీసేటప్పుడు నెమ్మదిస్తుంది. 200డి మార్క్ 2లో వ్యూఫైండర్‌లో 9 పాయింట్లే. అయితే తెర మీద డ్యూయల్ పిక్సెల్ అనే చురుకైన ఫోకస్ పద్ధతి పనిచేస్తుంది, మనిషి కన్నును గుర్తుపట్టి అక్కడే నిలబడుతుంది. తెర పక్కకు తెరుచుకుని ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. మన ఇళ్ళలో పెళ్ళి పనులన్నీ నేల మీదే కదా. కెమెరాను మోకాలి ఎత్తున పట్టుకుని, పై నుంచి తెర చూస్తూ నొక్కడం ఎంత సుఖమో రోలు దగ్గర గంటసేపు కూర్చున్నాకే తెలిసింది. బ్యాటరీ, కార్డుతో కలిపి 449 గ్రాములు. పట్టుచీర కట్టుకుని, ఒక చేత్తో హారతి పళ్ళెం అందిస్తూ, మెడలో వేసుకుని తిరగగలిగాను.

మెగాపిక్సెల్స్ గురించి షాపతను చాలా చెప్పాడు. దానికి నేను వేసుకున్న లెక్క ఇది. పెళ్ళి ఫోటోలకు చేయించే కరిజ్మా ఆల్బమ్ షీటు తెరిస్తే 12 అంగుళాలకు 36. అందులో ఒక పేజీ 12కు 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున మంచి ప్రింటుకు 3600 బై 5400 పిక్సెల్స్ కావాలి. ఈ కెమెరా ఇచ్చేది 4000 బై 6000, అంటే 24 మెగాపిక్సెల్స్. పేజీ నిండా వేసినా ఇంకా మిగులుతుంది. అంతకు మించి పెట్టే డబ్బు లెన్స్ మీద పెట్టడం మేలు.

కిట్ లెన్స్‌తో కలిపి (కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్స్) యాభై వేల చిల్లర అయింది. ఇంకో ఎనిమిది వేల చిల్లర పెట్టి 50ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొన్నాను. నేను కొన్నవాటిలో అన్నింటికన్నా పనికొచ్చింది అదే.

ఎందుకో ఐరేని కుండల సాయంత్రం చెప్పింది. కుమ్మరి వాళ్ళింటి నుంచి కుండలు ఎత్తుకుని ఆడవాళ్ళు బయల్దేరేసరికి పొద్దు గుంకింది. గల్లీలో ఒక్క వీధి దీపం. కిట్ లెన్స్‌తో కొంచెం దగ్గరికి జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దగా తెరుచుకుంటుంది). తక్కువ వెలుతురులో ఫోటోను వెలిగించే ఐఎస్ఓను 6400 పెట్టినా షట్టర్ వేగం సెకనులో 1/30వ వంతుకి పడిపోయింది. నడిచే మనుషులు, ఊగే కుండలు, అన్నీ అలికినట్టు వచ్చాయి. ఆగి 50 తగిలించాను. ఎఫ్ 1.8 అంటే 5.6 కన్నా తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. అదే ఐఎస్ఓలో షట్టర్ 1/250కి ఎక్కింది. కుండ మీద సున్నంతో, జాజుతో వేసిన గీతలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. కుండ బరువుకు మా చిన్నమ్మ మెడ నరాలు బిగుసుకున్నది కూడా కనిపిస్తుంది.

ఆ లెన్స్‌తో ఇబ్బంది లేకపోలేదు. మనిషి మీటరు దూరంలో ఉంటే ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే మందం రెండున్నర, మూడు సెంటీమీటర్లే. నలుగు పెడుతున్న అమ్మ కళ్ళు అద్దంలా వచ్చి, చెల్లె ముఖం మసకగా వచ్చిన ఫోటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఇద్దరు మనుషులుంటే ఎఫ్ 2.8, నలుగురుంటే ఎఫ్ 4కు పోవాలని ఆ రోజు సాయంత్రానికి అర్థమైంది. రెండోది, ఈ సైజు సెన్సర్ (వెలుతురును ఫోటోగా పట్టే పలక) మీద 50 అంటే పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 80 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. పది బై పది గదిలో గోడకు వీపు ఆనించినా పట్టదు. అందుకని తర్వాతి ఏడాది 24ఎంఎం ఎఫ్ 2.8 పలచటి లెన్స్ తీసుకున్నాను. 125 గ్రాములు, అరచేతిలో అప్పచ్చిలా ఉంటుంది. వస్తువుకు 16 సెంటీమీటర్ల దగ్గరి వరకు పోవచ్చు. సకినాలు చుట్టేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి మెలికపడుతూ గుడ్డ మీదికి దిగుతుంది చూడండి, ఆ మెలికను, పిండిలో నువ్వుగింజలతో సహా, దీంతోనే తీశాను. ఇంటి శుభకార్యానికి ఒక్కటే అదనపు లెన్స్ కొనగలిగితే ఏది అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను 24 అనే చెప్తాను. వీధిలో, రాత్రిపూట కార్యక్రమాలు ఎక్కువుంటే 50.

కెమెరా రెండు నెలల ముందు కొనడం నేను చేసిన మంచి పని. ఆదివారం ఆదివారం వేయిస్తంభాల గుడికి పోయి అమ్మను నిలబెట్టి తీసేదాన్ని. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి నల్లరాయి కెమెరాను బాగా తికమక పెడుతుంది. కెమెరా మీటర్ ఎదురుగా ఉన్నదాన్ని నడిమి బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. నల్లరాయి ముందు చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, అప్పుడు అమ్మ పసుపుచీర తెల్లబారిపోతుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గిస్తే చీర చీరలా, రాయి రాయిలా వచ్చాయి. తెల్ల పంచెలు, తెల్ల రుమాళ్ళ మధ్య ఇది తిరగబడుతుంది, అక్కడ పెంచాలి. ఈ ఒక్క సంగతి చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. పెళ్ళి ముందు రోజు కెమెరా కొనుక్కొచ్చిన వాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఫంక్షన్ హాల్ సంగతి వేరు. మాది హంటర్ రోడ్డు వైపు హాల్. లోపల ఎల్‌ఈడీలే. 1/400 పెట్టి తీస్తే ఫోటోలో అడ్డంగా నల్లచారలు వచ్చాయి, నాకు టెన్షన్ పట్టుకుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/100కు దించగానే చారలు పోయాయి. పుస్తె కట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు ఎర్రచీర మీద వీడియో లైటు పడితే ఎరుపు ముద్దగా అయిపోతుంది, నేతలోని గీతలు కనిపించవు. అక్కడ కూడా కొంచెం తగ్గించి తీయాలి, రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని పచ్చి ఫోటో) పెట్టుకోవాలి. రా ఒక్కోటి సుమారు 25 నుంచి 30 ఎంబీ వస్తుంది.

ఫ్లాష్ విషయంలో నేను కొనేముందు చూసుకోనిది ఒకటుంది. ఈ కెమెరా హాట్‌షూలో (నెత్తిన ఫ్లాష్ తగిలించే చోటు) మధ్య పిన్ను ఉండదు. ఆ ఒక్క పిన్నుతో వెలిగే పాత ఫ్లాష్‌లు, చవక ట్రిగ్గర్లు దీని మీద వెలగవు. 1500డి, 3000డి కూడా ఇంతే. మా పెద్దనాన్న కొడుకు దగ్గర ఫ్లాష్ ఉంది, అదే వాడుకుందామనుకున్నాను. పెళ్ళికి వారం ముందు తగిలించి చూస్తే ఉలుకూ పలుకూ లేదు. కెనాన్ సొంత ఫ్లాష్‌లు, అంటే స్పీడ్‌లైట్లు, చాలావరకు పనిచేస్తాయి. వేరే కంపెనీది కొనేవాళ్ళు మాత్రం కెమెరా వెంట తీసుకుపోయి, తగిలించి, వెలిగించి చూశాకే డబ్బు కట్టండి.

బ్యాటరీకి కంపెనీ లెక్క వ్యూఫైండర్‌లో చూసి తీస్తే 1070 ఫోటోలు, తెర చూసి తీస్తే 320. నా అనుభవం కూడా ఆ దరిదాపుల్లోనే. నేను ఎక్కువ తెరనే వాడతాను కాబట్టి మైలపోలు రోజు మధ్యాహ్నానికే ఒక బ్యాటరీ అయిపోయింది. రెండోది ఉండి తీరాలి.

కార్డు పెట్టే చోటు ఒక్కటే. 2021లో చెల్లె బిడ్డ ఇరవై ఒకటో రోజు ఫంక్షన్‌కు ఒక కార్డు చదవడం మానేసింది. తొట్టెలలో వేసిన ఫోటోలు పోయాయి. అందరికీ ఫోన్లలో ఉన్నాయి కదా అన్నారు, కానీ మా బాపు మనవరాలి చెవిలో మూడుసార్లు పేరు చెప్పినప్పుడు ఆయన ముఖానికి దగ్గరగా ఉన్నది నేనొక్కదాన్నే. అప్పటి నుంచి ఒక పెద్ద కార్డు బదులు 32 జీబీవి నాలుగు వాడుతున్నాను. ఒక్కో ఘట్టం కాగానే కార్డు మార్చేస్తాను, ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చేస్తాను.

వీడియోకు 4కె ఉంది కానీ ఫ్రేమ్ బాగా కోసుకుపోతుంది, డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ అందులో పనిచేయదు. ఫుల్ హెచ్‌డీలో రెండూ సరిగ్గా ఉంటాయి, నేను అదే వాడతాను. మైక్ పెట్టుకునే సాకెట్ ఉంది, దాన్ని తప్పక వాడండి. పసుపు దంచేటప్పుడు అమ్మమ్మ పాడిన పాట ఒకటి నాలుగు నిమిషాలు తీశాను, 50 లెన్స్‌తో, కెమెరా మైక్‌తోనే. ఆ లెన్స్ ఫోకస్ వెతుక్కుంటున్నప్పుడు సన్నగా గీరిన చప్పుడు పాట మధ్యలో వినిపిస్తుంది. కిట్ లెన్స్ మోటారు అంత చప్పుడు చేయదు. ఆ రోజు లెన్స్ మార్చి ఉంటే బాగుండేదని ఆ పాట విన్నప్పుడల్లా అనుకుంటాను.

బతుకమ్మకు ప్రతి ఏడూ తీసుకుపోతాను. ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి దగ్గర, సద్దుల రోజు పద్మాక్షి గుట్ట దగ్గర. తంగేడు పసుపు, అద్దిన గునుగు రంగులు ఈ కెమెరాలో బాగా వస్తాయి, అయితే లైటు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే లైట్లు వేశాక పసుపంతా చల్లబడిపోతుంది. నేను దాని కెల్విన్ అంకెను చేత్తో పెట్టుకుంటాను.

అత్తగారిది గోదావరిఖని. అక్కడ బొగ్గు దుమ్ము సంగతి ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆరుబయట లెన్స్ మార్చితే ఎఫ్ 11లో తీసిన ఆకాశంలో నల్ల చుక్కలు తేలతాయి. గది లోపల, కెమెరా నోరు కిందికి పట్టుకుని మార్చడం అలవాటు చేసుకున్నాను. ఎండాకాలం కారులో వదలను. వానాకాలం మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడతాను. ఇప్పటిదాకా లెన్సుల్లో ఫంగస్ రాలేదు, కెమెరా రిపేర్‌కు పోలేదు.

కొత్తగా కొనేవాళ్ళు ఇవాళ, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ వైపే చూడాలి, నేను కూడా అదే చేస్తాను. కెనాన్ ఆర్50 2023లో వచ్చింది, 24.2 మెగాపిక్సెల్స్, 375 గ్రాములు, ఫోకస్ దీనికన్నా ఎంతో చురుకు. కానీ దాని హాట్‌షూ కూడా వేరే రకం, పాత ఫ్లాష్‌లకు అడాప్టర్ కావాలి. బడ్జెట్ తక్కువుండి 200డి మార్క్ 2 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మొహమాటం లేకుండా తీసుకోవచ్చు. లెన్స్‌లో టార్చ్ వేసి సాలెగూడులాంటి ఫంగస్ గీతలున్నాయేమో చూడండి, తెల్లగోడను ఎఫ్ 16లో తీసి చుక్కలు చూడండి, తెర మడత నాలుగుసార్లు తిప్పి చూడండి. మిగిలిన డబ్బుతో 24 కొనుక్కోండి.

వచ్చే నెల మా మరిది పెళ్ళి, గోదావరిఖనిలోనే. రెండు బ్యాటరీలు, నాలుగు కార్డులు, ఈసారి మైక్ కూడా బ్యాగులో పెట్టాను. సకినాల పిండి ఎప్పుడు పడతారో అత్తమ్మను అడిగి పెట్టుకున్నాను. శుక్రవారం తెల్లవారుజామున అన్నది.