ఇంట గెలిచిన పాటా, రచ్చ గెలిచే పాటా? యూరోవిజన్‌కు పాటను ఎంచుకునే పద్ధతుల్లో ఏది మేలు?

ప్రధానంగా యూరప్ దేశాలు ఏటా ఒక్కో పాటతో తలపడే యూరోవిజన్ పాటల పోటీ ఫైనల్ మే నెలలో జరుగుతుంది. కానీ ఒక దేశం అందులో ఎంత దూరం వెళ్తుందన్నది చాలావరకు అంతకు కొన్ని నెలల ముందే, పాటను ఎవరు ఎంచుకోవాలో ఆ దేశపు ప్రసార సంస్థ నిర్ణయించినప్పుడే తేలిపోతుంది. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానో నగరంలో పోటీ మొదలైన నాటి నుంచీ నిర్వాహకులు ఈ నిర్ణయాన్ని ఆయా దేశాల ప్రసార సంస్థలకే వదిలేశారు. పాట మూడు నిమిషాలు దాటకూడదనీ, వేదిక మీద ఆరుగురికి మించి ఉండకూడదనీ నియమాలు ఉన్నాయి గానీ, ఆ పాటను ప్రజలు ఎంచుకోవాలా, అధికారులు ఎంచుకోవాలా అన్న విషయంలో నిర్బంధం లేదు. అందువల్ల మూడు దారులు ఏర్పడ్డాయి: ప్రజల ఓటుతో జాతీయ పోటీ, ప్రసార సంస్థ తలుపులు వేసుకుని చేసే అంతర్గత ఎంపిక, ఈ రెండింటినీ కలిపిన మిశ్రమ పద్ధతి.

వీటిని తూచేటప్పుడు ఒక నియమాన్ని మరవకూడదు. యూరోవిజన్‌లో ఏ దేశమూ తన పాటకు తాను ఓటు వేసుకోలేదు. తీర్పు చెప్పేది ఇతర దేశాల జ్యూరీలు, ఇతర దేశాల ప్రేక్షకులు. 2023 నుంచి పోటీలో లేని దేశాలవారు కూడా ఆన్‌లైన్‌లో ఓటు వేయవచ్చు. ఆ ఓట్లన్నింటినీ కలిపి ఒక దేశపు ఓటుగా లెక్కిస్తారు కాబట్టి హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో కూర్చుని చూసే తెలుగువారికి కూడా ఈ తీర్పులో పిసరంత వాటా ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇక్కడ మాత్రం ఇంట్లో ఓటు వేసేవారు వేరు, రచ్చలో వేసేవారు పూర్తిగా వేరు. సొంత ప్రేక్షకులను మాత్రమే అడిగి పాటను పంపే పద్ధతిలోని అసలు లోపం ఇదేనని నా అభిప్రాయం.

ఈ లోపం ఎంత ఖరీదైనదో ఆస్ట్రియా అనుభవం చెబుతుంది. 2012లో అక్కడి జాతీయ పోటీ తుది ఓటింగ్‌లో ట్రాక్‌షిట్టాజ్ అనే ర్యాప్ జంటకు 51 శాతం, గడ్డంతో స్త్రీ వేషంలో పాడే కొంచిటా వుర్స్ట్‌కు 49 శాతం ఓట్లు వచ్చాయి. స్థానిక యాసలో పాడిన ఆ జంట ఆ ఏడాది యూరోవిజన్ జరిగిన బాకూలో తమ సెమీఫైనల్లో 8 పాయింట్లతో చివరి స్థానంలో నిలిచింది. ఆ తర్వాతి ఏడాది ప్రసార సంస్థ ఓఆర్‌ఎఫ్ ఎవరినీ అడగకుండా కొంచిటాను 2014 పోటీకి ఎంపిక చేసింది. దేశంలో పెద్దఎత్తున నిరసన వచ్చినా సంస్థ వెనక్కి తగ్గలేదు. ఆ ఏడాది కోపెన్‌హేగన్‌లో కొంచిటా 290 పాయింట్లతో విజేత అయ్యారు. రెండేళ్ల కిందట కొంచిటానే పంపి ఉంటే గెలిచేవారని దీని అర్థం కాదు, ఎందుకంటే 2012 నాటి పాట వేరు. అయినా సొంత ఊరి అభిరుచికీ ఖండం అభిరుచికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

నెదర్లాండ్స్ కథ ఇంకా బాధాకరమైనది. 2005 నుంచి 2012 వరకు వరుసగా ఎనిమిదేళ్లు ఆ దేశం ఫైనల్ గడప తొక్కలేదు. 2010లో అక్కడ ఒకే పాటను ఐదుగురు చేత పాడించి విజేతను తేల్చాలనుకున్నారు. ఓట్లు సమానంగా రావడంతో, ఎవరిని పంపాలో చెప్పమని పాట రాసిన పియర్ కార్ట్‌నర్‌నే ప్రత్యక్ష ప్రసారంలో అడిగారు. ఆయన ఇబ్బంది పడి, నాణెం ఎగరేద్దామన్నారు. చివరికి అందరూ ఒత్తిడి చేస్తే సీనెకె అనే గాయని పేరు చెప్పారు. ఆ పాట కూడా సెమీఫైనల్ దాటలేదు. అంత హడావిడి చేసి ఏర్పాటు చేసిన పోటీలో అసలు ప్రశ్న, అంటే ఆ పాట బయటివారికి నచ్చుతుందా అన్నది, ఎవరూ అడగనేలేదు.

2013లో డచ్చివారు దారి మార్చుకుని అంతర్గత ఎంపికకు వచ్చారు. అనూక్ వంటి పేరున్న గాయని జాతీయ పోటీలో కొత్తవారితో కలిసి నిలబడి, ఓడిపోతే పరువు పోగొట్టుకోవడానికి సిద్ధపడరు; నేరుగా ఆహ్వానిస్తే వస్తారు. అంతర్గత ఎంపికకు ఉన్న అతి పెద్ద బలం ఇదే. ఆమె దేశాన్ని ఫైనల్‌కు చేర్చి తొమ్మిదో స్థానంలో నిలిచారు. 2014లో కామన్ లిన్నెట్స్ జంట రెండో స్థానం తెచ్చింది, అంటే ఆ ఏడాది మొదటి రెండు స్థానాలూ అంతర్గతంగా ఎంపికైన వారివే. 2019లో టెల్ అవీవ్‌లో డంకన్ లారెన్స్ ఏకంగా గెలిచారు.

అయితే తలుపులు మూసుకుంటే చాలు, గెలుపు దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటు. బ్రిటన్ 2019లో ప్రజల ఓటుతో పంపిన పాట చివరి స్థానంలో నిలవడంతో అంతర్గత ఎంపికకు మారింది. 2021లో ఆ పద్ధతిలో వెళ్లిన జేమ్స్ న్యూమన్‌కు జ్యూరీల నుంచీ ప్రేక్షకుల నుంచీ ఒక్క పాయింటు కూడా రాలేదు. మరుసటి ఏడాది అదే పద్ధతిలో శామ్ రైడర్ 466 పాయింట్లతో రెండో స్థానం సాధించారు. ఆ తర్వాత 2023లో 26 పాటల్లో 25వ స్థానం, 2024లోనూ 2025లోనూ ప్రేక్షకుల ఓటులో సున్నా. ఒకే పద్ధతిలో ఇన్ని హెచ్చుతగ్గులు వచ్చాయంటే ఫలితం పద్ధతిది కాదు, ఆ గదిలో కూర్చున్నవారి చెవిది అని అర్థం. పైగా ఆ గదిలో తప్పు జరిగితే సరిదిద్దేవారు ఉండరు. జర్మనీ 2015 నవంబరులో జేవియర్ నాయిడూను నేరుగా ఎంపిక చేసి, ఆయన గత వ్యాఖ్యలపై చెలరేగిన విమర్శలకు తట్టుకోలేక రెండు రోజుల్లోనే నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. ఎవరినైనా ముందు సంప్రదించి ఉంటే ఆ అవమానం గాయకుడికీ తప్పేది, సంస్థకూ తప్పేది.

మనకు కూడా తలుపుల వెనక ఎంపిక కొత్తేమీ కాదు. 2022లో ఆస్కార్ అంతర్జాతీయ చిత్రం విభాగానికి మన దేశం తరఫున ఫిల్మ్ ఫెడరేషన్ కమిటీ ఒక గుజరాతీ చిత్రాన్ని పంపినప్పుడు తెలుగువారిలో ఎంత చర్చ జరిగిందో, అధికారిక ఎంట్రీతో సంబంధం లేకుండా ‘నాటు నాటు’ ఆస్కార్ అందుకున్నప్పుడు అదే చర్చ ఎలా తిరిగి లేచిందో గుర్తుండే ఉంటుంది. ఆ కమిటీ తప్పు చేసిందని నేను అనడం లేదు. కారణాలు బయటికి తెలియని ఎంపిక ఎంత మంచిదైనా జనంలో అనుమానం మిగులుస్తుందని మాత్రమే అంటున్నాను.

ఇక మూడో దారిలో స్వీడన్‌ను వివరంగా చూడాలి, ఎందుకంటే మెలోడిఫెస్టివాలెన్ అనే అక్కడి జాతీయ పోటీని అంత శ్రద్ధగా నిర్మించారు. 2002 నుంచి అది ఊరూరా తిరుగుతుంది. 2025లో ఉత్తరాన లూలియో నుంచి దక్షిణాన మాల్మో వరకు ఐదు నగరాల్లో 30 పాటలు పోటీపడి, స్టాక్‌హోమ్‌లో ఫైనల్ జరిగింది. కోటి పైచిలుకు జనాభా ఉన్న దేశంలో ఆ ఫైనల్‌ను 30 లక్షల మందికి పైగా చూస్తారు. ఫైనల్లో సగం పాయింట్లు విదేశీ జ్యూరీలవి, సగం స్వీడన్ ప్రజలవి. ప్రజల ఓటును కూడా ఒకే కుప్పగా పోయరు. యాప్‌లో ఓటు వేసేవారిని 3 నుంచి 9 ఏళ్ల పిల్లలు మొదలుకుని 75 దాటిన పెద్దల వరకు ఏడు వయసు గుంపులుగా విడదీస్తారు. ఫోన్ ద్వారా వేసేవారిది ఎనిమిదో గుంపు. ఒక్కో గుంపు విడిగా పాయింట్లు ఇస్తుంది. దీనివల్ల పగలూ రాత్రీ ఫోన్ పట్టుకుని కూర్చునే కుర్రకారు అభిమానం ఎంత బలమైనదైనా అమ్మమ్మల, తాతల ఓటును మింగేయలేదు. ప్రేక్షకుల ఓటుతో నడిచే ఏ పాటల కార్యక్రమానికైనా ఇది ఆదర్శం కాగల ఏర్పాటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ తక్కెడ ఎప్పుడూ విదేశీ జ్యూరీల వైపే మొగ్గదు. 2025లో ఆ జ్యూరీలు మాజీ విజేత మాన్స్ జెల్మెర్లోవ్‌ను ముందు నిలిపితే, స్వీడన్ ప్రజలు ఫిన్లాండ్‌లోని స్వీడిష్ మాట్లాడే ప్రాంతం నుంచి వచ్చిన ‘కాయ్’ బృందాన్ని, ఆవిరిస్నానం మీద వాళ్లు సొంత యాసలో కట్టిన సరదా పాటను గెలిపించారు. 1998 తర్వాత స్వీడన్ పంపిన తొలి స్వీడిష్ పాట అదే. బాసెల్‌లో జరిగిన యూరోవిజన్‌లో దానికి నాలుగో స్థానం దక్కింది. బయటి చెవి సలహా ఇవ్వాలే తప్ప శాసించకూడదన్నదానికి ఇంతకంటే మంచి నిదర్శనం నాకు తెలియదు.

దీనికి ఎదురు ఉదాహరణ స్పెయిన్‌లో ఉంది. అక్కడి జాతీయ పోటీ బెనిడోర్మ్ ఫెస్ట్‌లో 2022లో ప్రేక్షకుల ఫోన్ ఓట్లలో 70 శాతానికి పైగా గలీసియా ప్రాంతపు భాషలో పాడిన తన్షుగెయిరాస్ బృందానికి పడ్డాయి. గాయని షానెల్‌కు వచ్చినవి దాదాపు 4 శాతమే. అయినా ఫోన్ ఓటు విలువ మొత్తంలో పావు వంతే కావడంతో జ్యూరీల బలంతో షానెల్ గెలిచారు. దేశమంతా భగ్గుమంది, పార్లమెంటు దాకా వివాదం వెళ్లింది, ఆ గాయని సోషల్ మీడియా నుంచి కొంతకాలం తప్పుకోవలసి వచ్చింది. మే నెలలో ట్యూరిన్‌లో ఆమె 459 పాయింట్లతో మూడో స్థానం తెచ్చారు. 1995 తర్వాత స్పెయిన్‌కు అదే అత్యుత్తమ ఫలితం. లెక్క నిజమైంది, కానీ ఓటు వేసిన జనానికి తమ మాట చెల్లలేదన్న కడుపుమంట మిగిలింది, ఆ నిందను ఏ తప్పూ లేని ఒక గాయని మోయవలసి వచ్చింది. ప్రజల వాటా సగానికి తగ్గకూడదని నేను అనడానికి కారణం ఇదే.

ఇటలీలోని సన్‌రెమో పాటల ఉత్సవాన్ని ఈ తూకంలో పెట్టడం న్యాయం కాదు. 1951లో, అంటే యూరోవిజన్ కంటే ముందే పుట్టిన ఆ ఉత్సవం తనకోసం తాను జరుగుతుంది; యూరోవిజన్‌కు వెళ్లే హక్కు విజేతకు దక్కే అదనపు ప్రతిఫలం మాత్రమే. అలాంటి సంప్రదాయాన్ని మరో దేశం రాత్రికి రాత్రి తెచ్చుకోలేదు.

కాబట్టి పెద్ద సంగీత పరిశ్రమ, పోటీ మీద ప్రజాభిమానం రెండూ ఉన్న దేశానికి స్వీడన్ పద్ధతే మేలు. అంత స్తోమత లేని దేశానికి మాత్రం నేను స్విట్జర్లాండ్‌ను చూపిస్తాను. 2015 నుంచి 2018 వరకు వరుసగా నాలుగేళ్లు సెమీఫైనల్లోనే ఆగిపోయిన ఆ దేశం 2019 నుంచి టీవీ పోటీని పక్కన పెట్టింది. తలుపులు మూసే ఉంచినా, గదిలోకి 100 మంది మామూలు ప్రేక్షకుల బృందాన్నీ, వివిధ దేశాల సంగీత నిపుణుల జ్యూరీనీ పిలిచింది. 2019లో నాలుగో స్థానం, 2021లో మూడో స్థానం వచ్చాయి. 2024లో మాల్మోలో నెమో 591 పాయింట్లతో గెలిచారు. ఇదీ తిరుగులేని మంత్రమేమీ కాదు. ఇలాంటి బృందానికీ, విదేశీ జ్యూరీకీ, ప్రజలకూ మూడో వంతు చొప్పున అధికారం ఇచ్చిన జర్మనీ 2018లో నాలుగో స్థానం చూసి, 2019లో అదే పద్ధతితో ప్రేక్షకుల ఓటులో సున్నా చూసింది. అయినా నలుగురు అధికారుల చెవి కంటే ఇది నమ్మదగినది.

ఏ దారి ఎంచుకున్నా, గెలిచినవారు తప్పుకుంటే ఎవరు వెళ్లాలో ముందే రాసిపెట్టుకోవడం తప్పనిసరి. 2019లో ఉక్రెయిన్ జాతీయ పోటీ విజేత మరూవ్, రష్యాలో కచేరీలు చేయకూడదన్నది సహా ప్రసార సంస్థ ఒప్పందంలోని షరతులకు అంగీకరించలేదు. తర్వాతి స్థానాల్లోని వారూ వెళ్లబోమన్నారు. ఆ ఏడాది ఉక్రెయిన్ పోటీలోనే లేదు. 2022లో మళ్లీ విజేత అలీనా పాష్, రష్యా ఆక్రమించిన క్రిమియాకు గతంలో వెళ్లినప్పటి ప్రయాణ పత్రాల వివాదంలో తప్పుకున్నారు. ఈసారి మాత్రం రెండో స్థానంలో ఉన్న కలూష్ ఆర్కెస్ట్రా బాధ్యత తీసుకుంది, ట్యూరిన్‌లో 631 పాయింట్లతో ట్రోఫీ గెలిచింది.