పర్లాకిమిడి స్పైరల్ నోట్సు: ‘ఇట్’ ఎక్కడ పెట్టాలో సగమే చెప్పింది

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం జిరాక్సు షాపుల్లో స్పోకెన్ ఇంగ్లీష్ నోట్సు ఒకటి దొరుకుతోంది. పర్లాకిమిడి కోచింగ్ సెంటరొకటి తమ బ్యాచ్‌ల కోసం తయారు చేసుకున్నది, ఇప్పుడు బయటివాళ్లకూ అమ్ముతున్నారు. 112 పేజీలు, స్పైరల్ బైండింగు, 120 రూపాయలు. టెన్సులు, ఆర్టికల్సు అన్ని పుస్తకాల్లో ఉన్నట్టే ఉన్నాయి. కొనాలా వద్దా అన్నది తేలేది 58వ పేజీలో మొదలయ్యే ఫ్రేజల్ వెర్బుల (టర్న్ ఆఫ్, పిక్ అప్ లాంటి, పక్కన చిన్న మాట తోడైన క్రియల) పాఠం దగ్గరే.

ముందు మంచి. పాఠం మన మాటతోనే మొదలవుతుంది. “ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఆపెయ్” అంటాం. ఏది ఆపాలో మళ్లీ చెప్పం. చెప్పినా “దాన్ని ఆపెయ్” అంటాం, ‘దాన్ని’ ముందొస్తుంది, ‘ఆపెయ్’ ఒకే ముద్దలా ఉంటుంది. ఆ అలవాటే ఇంగ్లీషులో రెండు తప్పులు చేయిస్తుంది. ఒకటి, “టర్న్ ఆఫ్” అని ఊరుకోవడం, ‘ఇట్’ మింగేసి. రెండోది, ‘టర్న్ ఆఫ్’ని ‘ఆపెయ్’లాగే విడదీయరాని ముద్ద అనుకుని “టర్న్ ఆఫ్ ఇట్” అని తోక తగిలించడం. ఒడియాలోనూ కర్మ ముందు, క్రియ వెనక కాబట్టి పక్క బెంచీలో ఒడియా పిల్లలు చేసేదీ ఇదే తప్పు. నోట్సు రెండింటినీ మొదటి పేజీలోనే పట్టుకుంది. ఇంత సూటిగా చెప్పిన గైడ్లు తక్కువ.

తరవాత అసలు సూత్రం. “టర్న్ ఆఫ్ ద ఫ్యాన్”, “టర్న్ ద ఫ్యాన్ ఆఫ్” రెండూ చెల్లుతాయి. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వస్తే మాత్రం “టర్న్ ఇట్ ఆఫ్” ఒక్కటే. మీ, యూ, హిమ్, హర్, అస్, దెమ్ అన్నిటికీ ఇంతే. పుట్ ఆన్, టేక్ ఆఫ్, పిక్ అప్, ఫిల్ ఇన్, గివ్ బ్యాక్ లాంటి 20 క్రియలకు మూడేసి వరసల డ్రిల్లు ఇచ్చారు: వస్తువు చివర, వస్తువు మధ్యలో, చివరి వరసలో సర్వనామం మధ్యలో. బ్యాంకు ఫారం, రైలు టికెట్టు, అరువు తెచ్చిన పుస్తకం లాంటి ఉదాహరణలు ఎంచుకోవడం బాగుంది.

ఇక లోపాలు. మధ్యలోనే ఎందుకు పెట్టాలన్నది ఎక్కడా లేదు. ఇంగ్లీషు వాక్యం కొత్త సంగతిని, బరువైన మాటని చివరికి తోస్తుంది. ‘ఇట్’ అనగానే ఏదో ముందే తెలిసిన వస్తువు, అందులో బరువేమీ లేదు. చెప్పదలచుకున్నది ‘ఆఫ్’, అందుకే ఊనిక దానిమీద పడుతుంది. నోటితో అంటే ‘టర్నిటాఫ్’, ‘పికిటప్’ అని మూడు మాటలూ సంధి కలిసినట్టు వస్తాయి. నోట్సు మాత్రం ‘టర్ను ఇట్టు ఆఫు’ అని అచ్చేసింది. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష, ప్రతి మాటకీ చివర ‘ఉ’ చేర్చుకుంటాం, నిజమే. కానీ అలాగే నేర్పిస్తే వాక్యం ముక్కలైపోయి, ‘ఇట్’ కూడా ‘ఆఫ్’ అంత బరువుగా వినిపిస్తుంది. పెన్సిలుతో మూడో మాట కింద గీత గీసి, మూడింటినీ ఒక్క ఊపిరిలో అనిపించండి. పది క్రియలు అలా పలికితే “టర్న్ ఆఫ్ ఇట్” చెవికే ఎబ్బెట్టుగా తగులుతుంది.

పెద్ద తప్పు 63వ పేజీలో ఉంది. పెట్టె కట్టి మరీ వేశారు: “ప్రొనౌన్ ఎప్పుడూ మధ్యలోనే.” ఆ ‘ఎప్పుడూ’తోనే వచ్చింది చిక్కంతా. డ్రిల్లులో 17వ క్రియ ‘లుక్ ఆఫ్టర్’, దాని కింద “లుక్ హర్ ఆఫ్టర్” అని ఉంది. ఇంగ్లీషులో అలా అనరు. “లుక్ ఆఫ్టర్ హర్” అనే అనాలి. ‘టర్న్ ఆఫ్’లో ‘ఆఫ్’ క్రియావిశేషణం, క్రియని వదిలి కాస్త దూరం జరగగలదు. ‘ఆఫ్టర్’ ప్రిపోజిషన్, అంటే మన విభక్తి లాంటిది. అది పట్టుకుని ఉండేది వెనకొచ్చే నామాన్ని, సర్వనామాన్ని. “ఆమె కోసం”లోంచి ‘కోసం’ లాగేస్తే ‘ఆమె’ ఎలా దిక్కులేకుండా అవుతుందో ఇదీ అంతే, కాకపోతే విభక్తి మనకు వెనక, వాళ్లకు ముందు.

ఏది ఏదో తెలియడం ఎలా? సగం పని చిన్న మాటే చేసిపెడుతుంది. చివర అవే, బ్యాక్ ఉంటే సర్వనామం మధ్యకే: “త్రో ఇట్ అవే”, “గివ్ ఇట్ బ్యాక్”. ఇంటు, ఫర్, ఎట్, ఫ్రమ్, విత్, ఆఫ్టర్ ఉంటే వెనకకే: “లుక్ ఇంటు ఇట్”, “వెయిట్ ఫర్ దెమ్”. అప్, డౌన్, అవుట్ ఎక్కువగా మొదటి జాబితా వైపే. తికమక పెట్టేవి ఆన్, ఓవర్, త్రూ, ఇన్. ఇవి రెండు వేషాలూ వేస్తాయి. అనుమానం వస్తే క్రియకీ చిన్న మాటకీ మధ్య ‘కేర్‌ఫుల్లీ’ లాంటి మాట దూర్చి చూడాలి. “లుక్ కేర్‌ఫుల్లీ ఇంటు ఇట్” నిలుస్తుంది. “టర్న్ కేర్‌ఫుల్లీ ఆఫ్ ద ఫ్యాన్” కూలిపోతుంది. నిలిస్తే ప్రిపోజిషన్, సర్వనామం వెనక. కూలితే మధ్యలో.

రెండు వేషాల సంగతి ‘సీ త్రూ’లో బాగా కనిపిస్తుంది. “షీ సా ఇట్ త్రూ” అంటే పట్టిన పని చివరిదాకా నడిపింది. “షీ సా త్రూ ఇట్” అంటే అందులో మోసం కనిపెట్టేసింది. మాటలు అవే, ‘ఇట్’ ఒక్క అడుగు జరిగిందంతే. ‘టర్న్ ఆన్’ కూడా అలాంటిదే: “టర్న్ ఇట్ ఆన్” అంటే స్విచ్ వెయ్యడం, “టర్న్ ఆన్ హిమ్” అంటే అతనిమీద విరుచుకుపడడం. పాఠంలో ఒక పేజీ దక్కాల్సిన ఇలాంటి జంటలు ఒక్కటీ లేవు.

మూడు మాటల క్రియలు మాత్రం సరిగ్గానే ఇచ్చారు: “పుట్ అప్ విత్ ఇట్”, “లుక్ ఫార్వర్డ్ టు ఇట్”. చివరిది ప్రిపోజిషన్ కనుక ‘ఇట్’ దాని వెనకే. నొక్కి చెప్పేటప్పుడు “కాల్ అప్ హిమ్, నాట్ హర్” అని సర్వనామం చివరికి వెళ్లడమూ ఉంది. అది వదిలేశారు, ఈ స్థాయికి అదే మంచిది.

అభ్యాసాలు 40. అన్నీ విడదీసే క్రియలే కాబట్టి కళ్లు మూసుకుని ‘ఇట్’ మధ్యలో పెట్టినా 40కి 40 వస్తాయి. ఆ మార్కులు చూసి మురిసిపోవద్దు. 12 విడదీసేవి, 8 విడదీయనివి చీటీల మీద రాసి కలిపేసి తీయిస్తే అసలు రంగు బయటపడుతుంది.

ఇంకో చిత్రం. ‘పుట్ అవుట్’ (మంట ఆర్పడం) పక్కన “పరీక్షల్లో ఎక్స్‌టింగ్విష్ అని రాయండి, అదే గౌరవం” అని సలహా. వ్యవహార భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో తయారైన నోట్సు ఇది మరి.

వివరణంతా తెలుగు లిపిలోనే ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా మాత్రమే చదవడం నేర్చిన పిల్లలకు పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివి చెప్పాల్సిందే.

డ్రిల్లుల కోసమైతే 120 రూపాయలు దండగ కాదు. కొన్న రోజే 63వ పేజీలో ‘ఎప్పుడూ’ కొట్టేసి, 17వ క్రియని కొట్టేయండి. డబ్బులిచ్చే ముందు చివరి పేజీ కూడా తిప్పి చూడండి. జిరాక్సు మీద జిరాక్సు తీసిన కాపీల్లో జవాబుల పేజీ చాలాచోట్ల రావడం లేదు.