మా ఆయన షష్టిపూర్తి కెమెరా: కొండా కోనా తిరిగి తేల్చుకున్న సంగతులు

షష్టిపూర్తికి పట్టుపంచెలు పెట్టేవాళ్లు చుట్టాల్లో చాలామందే ఉన్నారు. కెమెరా మాత్రం నేనే కొనిస్తానని మా ఆయనకు ముందే చెప్పేశాను. ఊళ్లు తిరగడం, తిరిగిన చోటల్లా ఫొటోలు తీయడం తప్ప ఆయనకు ఇంకో వ్యసనం లేదు. ఇన్నాళ్లూ తీసింది కెనాన్ 1500డి మీద. 2018లో వచ్చిన డీఎస్ఎల్ఆర్ అది, అంటే లోపల అద్దం ఉండే రకం. 24 మెగాపిక్సెళ్లు, బొమ్మ స్పష్టంగా కుదుర్చుకోవడానికి తొమ్మిది ఫోకస్ పాయింట్లు. ఫొటోలు ఇప్పటికీ బాగానే వస్తాయి. కానీ దూరానివి దగ్గరికి లాగే 55-250 లెన్సు కూడా సంచిలో వేసుకుని మెట్లెక్కితే ఆయనకు భుజం నొప్పి, ఆయన మూలుగులు వినలేక నాకు తలనొప్పి.

బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఫ్యూజీ కొనమంది. మరిది కొడుకు పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు, వాడు ఫుల్‌ఫ్రేమ్ (ఫొటో పడే సెన్సరు పాత ఫిల్మంత పెద్దగా ఉండేది) కాకపోతే డబ్బు దండగన్నాడు. షాపుల్లో అడిగితే స్టాకులో ఏది ఉంటే అదే మంచిదన్నారు. తిరుపతిలో పెళ్లి ఫొటోగ్రాఫర్లకు కెమెరాలు, లెన్సులు బాడుగకిచ్చే షాపులున్నాయి. ఆధార్ జిరాక్సు, అడ్వాన్సు పెడితే ఇస్తారు. పొద్దున తీసుకుంటే మర్నాడు పొద్దుటిదాకా ఒక రోజు బాడుగ. ఇప్పుడు వ్లాగులు తీసే పిల్లలు ఎక్కువయ్యారు కాబట్టి పెద్ద కెమెరాలతో పాటు చిన్నవీ దొరుకుతున్నాయి. మేముండేది చిత్తూరులో, తిరుపతి ఎంత దూరమని? లక్ష పెట్టబోయే ముందు కొన్ని వేలు బాడుగకు పోయినా ఫర్వాలేదనుకుని, ఆయనకిష్టమైన చోట్లకు ఒక్కోసారి ఒక్కో కెమెరా పట్టుకుని పోయాం. నెల్లూరు వైపు నేలపట్టు తప్ప మిగతావన్నీ మన జిల్లానే అనుకోండి. నేననేది పాత చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పంచేశాక ఏ ఊరు ఎవరిదో చెప్పడానికి ఇప్పటికీ ఒక్క నిమిషం ఆగాల్సి వస్తోంది.

మొదట అలిపిరి మెట్లు. మరిది కొడుకు మాట తీసేయడమెందుకని సోనీ ఏ7-4, దానికి 24-70 ఎఫ్2.8 లెన్సు తెచ్చుకున్నాం. రెండూ కలిపి కిలోన్నర. 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కుడు నిట్టనిలువుగా ఉంటుంది, అక్కడికి చేరేసరికి కెమెరా నా మెడలో ఉంది! సంచులు కింద కౌంటర్‌లో ఇస్తే దేవస్థానం వాళ్లు పైసా తీసుకోకుండా కొండ మీదికి చేరుస్తారు, ఆ సదుపాయం చాలా బాగుంది. కానీ ఫొటోలు తీద్దామని వచ్చినవాడు కెమెరాను కింద ఇచ్చి రాలేడు కదా.

ఫొటోల సంగతి చెప్పాలంటే, అబ్బ, ఏం ఫొటోలు! ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్ల వేళ్లు, కర్పూరం వెలుగులో పసిపిల్ల ముఖం, చీకట్లో కూడా గింజ (ఇసుక చల్లినట్టు చుక్కలు) పడకుండా వచ్చాయి. ఆ విషయంలో పెళ్లి ఫొటోగ్రాఫర్ల మాట నిజమే. ఇంకొకటి కూడా గమనించాను. అంత పెద్ద లెన్సు ఎత్తగానే ఎదుటివాళ్లు పని ఆపేస్తారు. పసుపు రాస్తున్నావిడ చెయ్యి తుడుచుకుని కొంగు సర్దుకుంది. "ఏ పేపరు సార్ మీది?" అని ఒకాయన అడిగారు. మా ఆయనకు కావాల్సింది ఆ కొంగు సర్దుకోకముందటి ఫొటో.

తిరుమలలో కెమెరా గుడిలోకి పోదని అందరికీ తెలుసు. క్యూలోకి పోకముందే సెల్‌ఫోన్లు, కెమెరాలు కౌంటర్‌లో పెట్టి టోకెన్ తీసుకోవాలి. గుడి ముందు రీల్స్ తీస్తే విజిలెన్స్ వాళ్లు ఊరుకోరు. డ్రోన్ ఆలోచనే వద్దు, అలిపిరి తనిఖీలోనే పట్టేస్తారు. దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో ఆ గోవిందుడికే ఎరుక. అన్ని గంటలూ లక్షల విలువైన బాడుగ సామాను కౌంటర్‌లో ఉందన్న దిగులుతో మా ఆయన గోవిందనామం కూడా సరిగ్గా పలకలేదు. కౌంటర్ వాళ్లు జాగ్రత్తగానే చూశారు, వాళ్లను అనడానికేమీ లేదు. మన వైపు యాత్రంటే సగం గుళ్లే. కెమెరా వాడే సమయం కంటే దాన్ని ఎవరికో అప్పగించే సమయం ఎక్కువ. ధైర్యంగా వదిలిపెట్టి పోగలిగేంత వస్తువే మనకు సరిపోతుందని నాకు అక్కడే అనిపించింది. ఈ మాట ఏ రివ్యూలోనూ వినలేదు.

తిరుపతిలో బస గురించి. దేవస్థానం వాళ్ల విష్ణు నివాసం రైల్వే స్టేషన్ ఎదురుగా, శ్రీనివాసం బస్టాండు ఎదురుగా ఉన్నాయి. గది దొరికితే రెండింట్లో ఏదైనా మేలే, దిగిన చోటు నుంచి నడిచిపోవచ్చు. మాకు దొరకలేదు. ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గదిలో లాకర్ ఉందని చెప్పి డబ్బు తీసుకున్నారు. పోయి చూస్తే అది బీరువా. దాని తాళంచెవి ఒకటి మాకిచ్చారు, రెండోది రూంబాయ్ మొలలో వేలాడుతోంది. కెమెరాతో పోయేవాళ్లు లాకర్ అన్నమాట వింటే కళ్లారా చూశాకే డబ్బు కట్టండి.

చంద్రగిరికి చిన్న కెమెరాతో పోయాం. కెనాన్ ఆర్50, దాంతో వచ్చే 18-45 లెన్సు. బ్యాటరీ, కార్డుతో కలిపి కెమెరా 375 గ్రాములు. నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియలేదు. కోటలోని మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, తిరుపతి నుంచి ఆటోలో పోయేవాళ్లు గుర్తు పెట్టుకోవాలి. రాజమహల్‌లోని మ్యూజియం కంటే బయట పచ్చిక మీద కూర్చుని ఆ కమానుల్లో ఎండ జరిగిపోవడం చూడటమే నాకు బాగుంటుంది. రాణిమహల్ వైపు జనం తక్కువ. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటే చూడండి కానీ దోమలకు ఏదైనా రాసుకుని పోండి. ఎండలో ఆర్50 ఫొటోలకూ సోనీ ఫొటోలకూ ఫోన్‌లో చూస్తే నాకు తేడా తెలియలేదు. మా ఆయన కంప్యూటర్‌లో పెద్దది చేసి చూపించి "ఇదిగో చూడు" అన్నారు. చూశాను. అయినా తెలియలేదు.

ఆయనకు నచ్చనిది వేరే. దానికి తిప్పే డయల్ ఒక్కటే. ఎపర్చర్ (లెన్సు ఎంత తెరుచుకోవాలి), షట్టర్ (ఎంతసేపు తెరిచి ఉండాలి) రెండూ తానే చూసుకునే మనిషికి ప్రతిసారీ బటన్ నొక్కి ఒకే డయల్‌తో రెండూ మార్చడం చిరాకు. పైగా లెన్సు 45 దగ్గర ఆగిపోతుంది. గోపురం మీది బొమ్మనో, గుట్ట మీది మేకలనో దగ్గరికి లాగాలంటే కుదరదు. దానికి అన్నలాంటిది ఆర్10 అని ఇంకో కెనాన్ ఉంది, సెన్సరు అదే సైజు, బరువు 429 గ్రాములు. రెండు డయళ్లు, ఫోకస్ జరపడానికి వేలికింద ఒక చిన్న గుబ్బ. 54 గ్రాముల తేడాకు ఇవన్నీ వస్తున్నప్పుడు ఆర్50 మీద నాకు మోజు పోయింది. ఫొటోలు కొత్తగా నేర్చుకునేవాళ్లకైతే ఆర్50 చాలు, అక్కడ డబ్బు మిగుల్చుకోవడమే మంచిది.

ఆర్10ని 18-150 లెన్సుతో తలకోనకు తీసుకుపోయాం. భాకరాపేట మీదుగా దారి, అడవి మొదలయ్యాక రెండు పక్కలా చెట్లు కమ్ముకుని చల్లబడిపోతుంది. జలపాతం ఎత్తు 270 అడుగులు. వేసవిలో పోతే నీళ్లు సన్నగా కారుతుంటాయి, మన ఈశాన్య వానలు పడ్డాక పోవాలి. అప్పుడు పోతే తుంపర లెన్సు మీదికే కొడుతుంది. ఆర్10 నీళ్లకు తట్టుకునేలా సీలు చేసింది కాదు. ఓఎం సిస్టం అనే కంపెనీ వాళ్ల ఓఎం-5కు దుమ్మూ తుంపరా తట్టుకుంటుందని ఐపీ53 రేటింగ్ ఉంది, తుంపరకు అదే సరైనది. కానీ చేత్తో పట్టుకుని చూద్దామంటే ఇటువైపు షాపుల్లో మాకు కనబడలేదు, చూడకుండా కొనే రకం కాదు నేను. గొడుగు నేను పట్టుకున్నాను, ఆయన తీశారు. నీళ్లు పాలధారలా రావాలంటే షట్టర్ పావు సెకను దాకా తెరిచి ఉంచాలి, ట్రైపాడ్ తప్పదు. రాళ్ల మీద తడి మెరుపు తగ్గడానికి పోలరైజర్ ఫిల్టర్ వేశారు. దాంతో ఆకుల పచ్చదనం బాగా తేలింది.

తలకోనలో కోతులు, కెమెరా సంచి జిప్పు అవి తీసినంత సులువుగా నేను తీయలేను. ప్లాస్టిక్ కవర్లు తీసుకుపోవద్దు, గేటు దగ్గరే ఆపేస్తారు. అడవిలో టూరిజం వాళ్ల గదులున్నాయి, మేం ఉండలేదు, సాయంత్రానికి తిరుపతి చేరాం. పొద్దున్నే నీళ్ల దగ్గర జనం లేకుండా తీయాలంటే మాత్రం అక్కడ పడుకోవాల్సిందే. అన్నం విషయంలో ఆశలు పెట్టుకోకుండా పులిహోర కట్టుకుపొండి.

హార్సిలీ కొండల యాత్ర మా అమ్మాయిది. స్నేహితురాలి ఫ్యూజీ ఎక్స్100-6 పట్టుకుని బెంగళూరు నుంచి మదనపల్లెకు వచ్చింది. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్న తీరు చూసి నాకు భయమేసింది, పెళ్లిచూపుల్లో నన్ను కూడా అలా చూసినట్టు గుర్తులేదు. 40 మెగాపిక్సెళ్లు, పైన వెండి డయళ్లు, 521 గ్రాములు. జూమ్ లేదు, మార్చడానికి లెన్సూ రాదు. ఉన్న ఒక్క లెన్సూ మనిషి చూపుకు దగ్గరగా ఉంటుంది. మదనపల్లె టమోటా మార్కెట్లో తెల్లవారుజామున అది చేసిన పని ఇంకేదీ చేయలేదు. క్రేట్ల మధ్య వేలంపాటలో దూరి తీశారు, ఒక్కరూ తలెత్తి చూడలేదు. సోనీ ఎత్తితే చెదిరిపోయిన జనం ఈ చిన్న పెట్టెను లెక్కే చేయలేదు.

కొండ మీద దాని సరదా తీరింది. హార్సిలీ కొండలు 1,265 మీటర్ల ఎత్తు. గాలిబండ మీద నిలబడి పొద్దున్నే మంచు విడిపోతుంటే కింద ఊళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. మా ఆయనకు ఆ దూరపు చెరువు కావాలి, దాని గట్టు మీద పోతున్న గొర్రెల మంద కావాలి. కాళ్లతో దగ్గరికి పోదామంటే ముందు లోయ. "బాగుంది గానీ..." అని అమ్మాయికి తిరిగిచ్చేశారు. ధర లక్షన్నర దాటుతుందని నేను నోరు తెరవాల్సిన పనే పడలేదు. కొండ మీద మేం దిగిన చోట మంచం పక్కన ప్లగ్గు లేదు, బ్యాటరీ చార్జర్ బాత్‌రూమ్ అద్దం దగ్గర పెట్టాల్సి వచ్చింది. అది తప్పిస్తే గది శుభ్రంగా ఉంది, సంగటి వేడిగా వచ్చింది. కింద మదనపల్లెలో దిగి పైకి పోయిరావడం చవక. కానీ ఆ పొద్దుటి మంచు దొరకదు.

ఆఖరున నేలపట్టు. సూళ్లూరుపేట దాటి దొరవారిసత్రం దగ్గర, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద పెలికాన్లు గూళ్లు కట్టుకుంటాయి. మనవాళ్లు గూడబాతులనేవి అవే. అక్టోబరులో వచ్చి మార్చి దాకా ఉంటాయి. ఇక్కడికి ఆర్10 మీదికే 100-400 లెన్సు బాడుగకు తెచ్చుకున్నాం. ఈ సెన్సరు మీద 400 అంటే ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 640 అవుతుంది. పక్షి కదిలితే కెమెరా తనంతట తానే కన్ను వెతికి పట్టుకుంటుంది. తొమ్మిది పాయింట్ల కెమెరాతో ఇన్నేళ్లు కుస్తీపట్టిన మనిషికి అదొక వింత, పిల్లాడిలా పిలిచి పిలిచి చూపించారు. ఆ సంబరంలో లెన్సు కూడా కొనేద్దామన్నారు.

నేను ఆపాను. ఆయన పాత ఫొటోలన్నీ ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నాయి. పక్షులెన్ని, మనుషులెన్ని అని చూస్తే పక్షులు ఒక్క ఫోల్డరుకు మించవు. పైగా పాత 55-250 లెన్సును అడాప్టర్ (పాత లెన్సును కొత్త కెమెరాకు కలిపే రింగు) పెట్టి ఆర్10కు తగిలించి చూశాం. 400 లెక్కకు వస్తుంది. టవర్ మీద నుంచి గూళ్లు తీయడానికి సరిపోయింది. ఇక పులికాట్‌లో అటకానితిప్ప దగ్గర రోడ్డు మీద నుంచి ఫ్లెమింగోలను తీద్దామంటే అవి దూరంగా గులాబీ గీతలా ఉన్నాయి, 640 పెట్టినా గీత కాస్త లావయిందంతే. ఇంకో సంగతి బాడుగ షాపు అబ్బాయి చెప్పాడు. "ధనుర్మాసంలో రండి అన్నా, పెళ్లిళ్లుండవు, లెన్సులన్నీ ఊరికే పడి ఉంటాయి, తగ్గించి ఇస్తా." నేలపట్టులో పక్షులు నిండుగా ఉండేదీ అప్పుడే. ఏడాదికోసారి బాడుగకు తెచ్చుకుంటే పోయేదానికి పెట్టుబడి ఎందుకు? సూళ్లూరుపేట లాడ్జీలు ఒక్క రాత్రికి ఫర్వాలేదు. ఫ్లెమింగో పండుగ రోజుల్లో మాత్రం గది ముందే చెప్పి పెట్టుకోవాలి.

అట్లా ఆర్10, 18-150 లెన్సు కొన్నాం. రెండూ కలిపి 739 గ్రాములు, అలిపిరి మెట్ల మీద మోసిన దాంట్లో సగం. చీకటిలో ఇది సోనీ అంత బాగా తీయదు, ఒప్పుకోవాల్సిందే. అందుకని వెలుగు ఎక్కువ పట్టే 50 ఎఫ్1.8 లెన్సు ఒకటి చేర్చాం, 160 గ్రాములే. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు రాత్రిపూట వేషాలు తీయడానికి అది పనికొస్తుంది. పాత లెన్సుకు అడాప్టరు, రెండో బ్యాటరీ. చార్జింగ్ విషయంలో లాడ్జీలను నమ్మను.

కొనేటప్పుడు చెన్నైలో ఒకచోట ధర బాగా తగ్గించి చెప్పారు. జీఎస్టీ బిల్లు అడిగితే కూడికలు మారిపోయాయి. బిల్లు లేని సరుకుకు కంపెనీ వారంటీ ఇక్కడ చెల్లదు, రిపేరు వస్తే మనమే పెట్టుకోవాలి. తిరుపతిలోనే బిల్లుతో తీసుకున్నాం. డబ్బా మీది సీరియల్ నంబరు, కెమెరా మీద ఉన్నది, బిల్లులో రాసింది, మూడూ ఒకటేనా అని షాపులోనే చూసుకున్నాను. ఆ అబ్బాయి నవ్వాడు, నవ్వనీ.

సంచి సంగతి మాత్రం ఇంకా తెగలేదు. ఆయన తోలుసంచి కావాలంటారు. కౌంటర్‌లో పెట్టి టోకెన్ తీసుకునే సంచికి తోలెందుకని నేనంటాను.