విటమిన్ కె: కె1 మేలా, కె2 మేలా?

విటమిన్ కె అన్నది ఒకే పదార్థం పేరు కాదు. ఆకుకూరలలోనూ సోయా నూనె వంటి కొన్ని వంటనూనెలలోనూ ఉండే ఫిల్లోక్వినోన్‌ను కె1 అంటారు. మాంసం, గుడ్డు పచ్చసొన, చీజ్, పులియబెట్టిన సోయా గింజల నుంచి వచ్చే మెనాక్వినోన్లన్నిటినీ కలిపి కె2 అంటారు. ఎంకె-4, ఎంకె-7 వీటిలో ముఖ్యమైనవి.

రెండూ చేసే పని ఒక్కటే: కొన్ని ప్రోటీన్లకు కాల్షియాన్ని పట్టుకునే శక్తినివ్వడం. కాలేయంలో తయారై రక్తాన్ని గడ్డకట్టించే 2, 7, 9, 10 సంఖ్యల కారకాలనే ప్రోటీన్లకు, ఎముకలోని ఆస్టియోకాల్సిన్‌కు, రక్తనాళాల గోడలలో కాల్షియం పేరుకోకుండా అడ్డుపడే మరొక ప్రోటీన్‌కు ఈ శక్తి అవసరం. (1935లో విటమిన్ కెకు ఆ పేరు పెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్, గడ్డకట్టడాన్ని సూచించే 'కోయాగులేషన్' అన్న మాట తన భాషలో 'కె'తో మొదలవుతుంది గనుక ఆ అక్షరాన్నే ఎంచుకున్నాడు.)

తేడా వచ్చేది శరీరంలో అవి ఎంతసేపు నిలుస్తాయన్న దగ్గర. కె1ను ఎక్కువగా కాలేయమే తీసుకుంటుంది, రక్తంలో అది కొద్ది గంటలలోనే తగ్గిపోతుంది. ఎంకె-7 మాత్రం రోజుల తరబడి తిరుగుతూ ఎముకలకూ రక్తనాళాలకూ కూడా అందుతుంది. కె2 మాత్రలు అమ్మేవారి వాదనంతా దీని మీదే నిలిచింది. అయితే ఎక్కువసేపు ఉండడం వేరు, రోగాన్ని ఆపడం వేరు. 2004లో వెలువడిన నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనంలో కె2 ఎక్కువగా తిన్నవారిలో గుండెజబ్బు తక్కువగా కనిపించిన మాట నిజమే గాని, అది ఆహారపు అలవాట్లను పరిశీలించిన అధ్యయనమే తప్ప చికిత్సా ప్రయోగం కాదు. డెన్మార్క్‌లో పురుషులకు రెండేళ్లపాటు రోజూ 720 మైక్రోగ్రాముల ఎంకె-7ను విటమిన్ డితో కలిపి ఇచ్చి చూసిన ప్రయోగంలో, గుండె బృహద్ధమని కవాటంలో కాల్షియం పేరుకోవడం తగ్గలేదని 2022లో తేలింది.

కె1 వైపు చూస్తే, అమెరికా ప్రమాణాల ప్రకారం పురుషులకు రోజుకు 120, స్త్రీలకు 90 మైక్రోగ్రాముల విటమిన్ కె చాలు. అరకప్పు ఉడికిన పాలకూరలోనే 400 మైక్రోగ్రాములకు పైగా ఉంటుంది. ఆకులోని కె1లో కొంతభాగమే ఒంటబడుతుంది, కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి కాస్త నూనెతో వండితే ఆ భాగం పెరుగుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు నా ఓటు ఆకుకూరకే. కె2 కావాలనుకునేవారికి గుడ్డు, చీజ్ ఉన్నాయి. మాత్ర కొనడానికి తగిన ఆధారం నాకు కనిపించలేదు.

వార్ఫరిన్ వాడేవారి సంగతి మాత్రం వేరు. ఆ మందు విటమిన్ కె పనికి అడ్డుపడుతూ రక్తాన్ని పలచగా ఉంచుతుంది. వీరు ఆకుకూర మానేయనక్కర లేదు, వారం వారం దాదాపు ఒకే పాళ్లలో తినాలి. చాలాసేపు నిలిచే ఎంకె-7ను తక్కువ మోతాదులోనైనా వైద్యుడికి చెప్పకుండా మొదలుపెట్టకూడదు.