ఆఫీసు ఇంగ్లీషుకు ఏది మేలు: ఇన్‌స్టిట్యూటా, యాపా, "ఇంతకీ?" అని అడిగే మనిషా?

ఆఫీసు బెంగళూరులో, ఇల్లు కడపలో, మధ్యలో ల్యాప్‌టాప్. నా ఉద్యోగం ఇంతే. మెయిల్ రాయమంటే ఇబ్బంది లేదు, కాల్‌లో మాట్లాడమంటేనే టెన్షన్. ఒకరోజు మేనేజర్ వెండర్ల బిల్లుల సంగతి అడిగారు. నేను మొదలుపెట్టాను. పోయిన వారం ఇద్దరు ఇన్‌వాయిస్‌లు ఆలస్యంగా పంపారు, ఒకదాంట్లో జీఎస్టీ నంబరు తప్పు పడింది, వెనక్కి పంపాం, వాళ్ల అకౌంటెంట్ సెలవులో ఉన్నాడు... ఇలా రెండు నిమిషాలు సాగాక అటునుంచి ఒకటే మాట: "సో, ఈజ్ ఇట్ డన్ ఆర్ నాట్?"

గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. విషయమే చెప్పలేదు.

అసలు ఇంగ్లీషు రానివాళ్ల కోసం కాదు ఈ పోలిక. భాషల స్థాయికి యూరప్ వాళ్లు పెట్టిన కొలతలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లున్నాయి. నడిమి మెట్టు మీద, అంటే బీ1, బీ2 దగ్గర, ఏళ్ల తరబడి నిలబడిపోయిన నాలాంటివాళ్ల కోసం రాస్తున్నాను.

మొదట చేరింది ఏడు రోడ్ల దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో. రెండు నెలలు, నాలుగు వేలు. గంట క్లాసు, బ్యాచ్‌లో ముప్ఫై మంది. లెక్క మీరే వేసుకోండి, మనిషికి రెండు నిమిషాలు. దాంట్లో కూడా "మొబైల్ మేలా, కీడా" అని గ్రూప్ డిస్కషన్. అబద్ధం ఎందుకు, నలుగురిలో నోరు విప్పే భయం అక్కడే పోయింది. ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలకైతే ఇప్పటికీ అదే చెప్తాను. కానీ అక్కడ సార్ "హీ డోంట్" అంటే ఆపుతారు, "ఇంతసేపు ఏం చెప్పావు?" అని ఆపరు. నా రోగానికి ఆ మందు లేదు.

యాప్‌ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఇప్పుడు గొంతుతో మాట్లాడే ఏఐ యాప్‌లు కూడా వచ్చాయి. అర్ధరాత్రి అయినా విసుక్కోవు. రేపటి మీటింగ్‌కు రిహార్సల్ వేసుకోవడానికి పనికొస్తాయి. ఎంత సాగదీసినా ఓపిగ్గా వింటాయి, అదే వాటితో చిక్కు. మా మేనేజర్‌కు అంత ఓపిక లేదు.

టోస్ట్‌మాస్టర్స్ ఆన్‌లైన్ మీటింగ్‌లకు కూడా కొన్నాళ్లు వెళ్లాను. 1924లో అమెరికాలో మొదలైన క్లబ్బుల సంస్థ అది. ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగం, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడటం, "ఆఁ... అమ్..." అని ఎన్నిసార్లు నసిగామో లెక్కపెట్టడానికే ఒక మనిషి. స్టేజీ ఎక్కేవాళ్లకు బ్రహ్మాండం. అయితే ఆఫీసు కాల్‌లో ప్రసంగం ఎవరడిగారు? మధ్యలో దూరాలి, కాదనాలి, అర్థం కాకపోతే మళ్లీ అడగాలి.

చివరికి నాకు దారి చూపించింది మా టీమ్‌లోనే ఉన్న ప్రొద్దుటూరు అక్క. తను కూడా ఇంటినుంచే పని. రోజూ పది గంటల కాల్‌కు ముందు, తొమ్మిదిన్నరకు ఫోన్ చేసుకుని, ఆ రోజు చెప్పాల్సిందే ఇంగ్లీషులో చెప్పుకుంటాం. షరతు ఒక్కటే. ఇరవై సెకన్లలో విషయం రాకపోతే ఎదుటివాళ్లు "ఇంతకీ?" అనాలి. మొదటి వారం ఆ మాట ఎన్నిసార్లు పడిందో చెప్పుకుంటే సిగ్గు. "ఇంతకీ అయిందా, లేదా? అది చెప్పబ్బా ముందు!" అని తెలుగులోకి దిగిపోయేది అక్క.

అలా తిట్లు తింటూ ఉంటే ఒకటి అర్థమైంది. మన "కాబట్టి" కారణం తర్వాత వస్తుంది, వాళ్ల "బికాజ్" కారణానికి ముందు. "వెండర్ పంపలేదు కాబట్టి రిపోర్టు రేపిస్తాను" అని తెలుగులో అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అదే వరసలో ఇంగ్లీషులో చెప్తే, రిపోర్టు మాట వచ్చేలోపు అవతలివాళ్లు కెమెరా ఆపేసి కాఫీకి పోతారు. "ద రిపోర్ట్ విల్ కమ్ టుమారో" అన్నది ముందు పడెయ్యాలి. కారణం అడిగితే చెప్పొచ్చు, అడక్కపోతే ఇంకా మంచిది.

ఇంకోటి, ఊ కొట్టడం. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఊ కొట్టకపోతే మనకు మర్యాదగా అనిపించదు. కాల్‌లో ఆ ఊ కాస్తా "యెస్, యెస్" అయిపోతుంది. వింటున్నానన్న అర్థంతో నేనన్న యెస్‌ను మేనేజర్ ఒప్పుకోలుగా తీసుకున్నారు. శుక్రవారానికి ఇస్తానని నేను మాటిచ్చినట్టు మీటింగ్ మినిట్స్‌లో, అంటే మాట్లాడింది రాసిపెట్టే నోట్సులో, చూసి అదిరిపడ్డాను! ఇప్పుడు "ఐ సీ" అంటున్నాను. మాట ఇచ్చేటప్పుడు మాత్రమే యెస్.

కాదనడం అన్నిటికన్నా కష్టం. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం కదా, ఐతే నోరు మూసుకుంటాం, లేదంటే తెగించి "నో సార్, దట్ ఈజ్ రాంగ్" అనేస్తాం. అక్క మేనేజర్ వేషం వేస్తే "కెన్ ఐ యాడ్ వన్ థింగ్?", "మై వర్రీ ఈజ్ ద డేట్" లాంటివి నోటికి తిరిగేదాకా అన్నాను. రికార్డు చేసి విన్నాకే తెలిసింది, ఆ మాటలంటున్నప్పుడు నా గొంతు సన్నగిల్లుతోందని.

పాఠం ఒకచోట, భాష ముదిరేది ఇంకోచోట అన్నది మా ఊరికి కొత్త కాదు. సి.పి. బ్రౌన్ మద్రాసులో కాలేజీ తెలుగు చదువుకుని, 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. ఆ తర్వాత పండితులను జీతమిచ్చి దగ్గర పెట్టుకున్నాడు. మా అక్కకు జీతం లేదు, కడపకు వచ్చినప్పుడు కారం దోశ మాత్రం నా లెక్కే.

అందుకే, నోరే పెగలనివాళ్లు రెండు నెలలు ఇన్‌స్టిట్యూట్‌కు పోండి. మీ పని తెలిసి, మొహమాటం లేకుండా ఆపే మనిషి ఒక్కరు దొరికితే మాత్రం ఆ నాలుగు వేలు మిగుల్చుకోండి.

మా పద్ధతిలోనూ ఒక లోటుంది. ఇద్దరిదీ ఒకే యాస, నేనెలా పలికినా అక్కకు అర్థమైపోతుంది. అందుకే "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" గొడవ చాన్నాళ్లు బయటపడలేదు. ఫోన్‌కు డిక్టేషన్ ఇస్తూ "ఫిఫ్టీన్ థౌజండ్" అంటే 50,000 అని కొట్టింది. "టీన్" మీద ఊత లేదు మరి. ఇప్పుడు అంకె వస్తే "వన్ ఫైవ్" అని విడదీసి కూడా చెప్తున్నాను. ఆదివారాలు పది నిమిషాలు ఫోన్‌తోనే సాధన. పదిహేను ఇంకా అప్పుడప్పుడు యాభైగానే పడుతోంది.