50 మి.మీ. సమ్మిక్రాన్: మూడు తరాల లెన్సులతో పదకొండేళ్లు

జర్మన్ కెమెరా సంస్థ లైకా తయారుచేసే 50 మి.మీ. సమ్మిక్రాన్ లెన్సుల్లో మూడు తరాలవి పదకొండేళ్లుగా వాడుతున్నాను: 1953లో మొదలైన ముడుచుకునే లెన్స్, 1956 నాటి రిజిడ్ (ముడుచుకోని గట్టి గొట్టం ఉన్నది), 1979లో వచ్చిన నాలుగో తరం. 1969 నాటి మూడో తరం నా చేతికి రాలేదు కనుక దాని ఊసెత్తను. మూడింటికీ గరిష్ఠ ఎపర్చర్ (వెలుగును లోపలికి రానిచ్చే రంధ్రం) ఎఫ్/2, ఫిల్టర్ 39 మి.మీ.; తేడాలన్నీ వాడకంలోనే బయటపడతాయి.

మొదట కొన్నది ముడుచుకునే లెన్స్. గొట్టాన్ని లోపలికి నెట్టేస్తే కెమెరా కోటు జేబులో ఇమిడిపోతుంది. అయితే ఆ సుఖానికి మూల్యం ఉంది. ఒక సాయంత్రం గొట్టాన్ని బయటికి లాగాను గానీ తిప్పి బిగించడం మరిచిపోయాను. రేంజ్‌ఫైండర్ కెమెరాలో విడిగా ఉన్న కిటికీలోంచి చూస్తూ, కనిపించే రెండు ప్రతిబింబాలను కలిపి ఫోకస్ చేస్తాం; మన చూపు లెన్స్ గుండా పోదు కాబట్టి, లెన్స్ కాస్త వెనక్కి జారినా రెండు ప్రతిబింబాలు ఎప్పటిలాగే చక్కగా కలిశాయి. ఫిల్మ్ కడిగి చూస్తే 36 ఫ్రేముల్లో ఒక్కటీ పదునుగా లేదు. పైగా దీని ముందు గాజు మెత్తనిది. అమ్మినవారు నిక్షేపంగా ఉందన్న గాజు మీద టార్చి వేసి చూస్తే, తుడిచి తుడిచి పడిన సన్నని గీతలు సాలెగూడులా కనిపించాయి. వెలుగుకు ఎదురుగా తీసినప్పుడల్లా నలుపు బూడిద రంగుకు తిరగడానికి కారణం అదే.

రిజిడ్‌లో గొట్టం జారిపోయే బెడద లేదు. ఏడు గాజులను ఇముడ్చుకున్న ఈ ఇత్తడి దిమ్మెలాంటి లెన్స్ ఎఫ్/2 దగ్గరే మధ్య భాగాన్ని పదునుగా ఇస్తుంది, నీడల్లోని వివరాలను మింగేయదు. నలుపు తెలుపు ఫిల్మ్‌కు ఇంతకంటే నాకేమీ అక్కరలేదు. ఫోకస్ రింగును అనంతం (బహుదూరం) దాకా తిప్పితే పడే లాక్ మాత్రం విసిగిస్తుంది. దాన్ని నొక్కి విడిపించేలోగా ఎదుటి మనిషి దాటిపోయిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, అందుకే నడిచేటప్పుడు రింగును మూడు మీటర్ల దగ్గరే ఉంచుతాను. ఒక మీటరు కంటే దగ్గరికి ఫోకస్ కాదు.

లైకా లెన్సుల రూపకర్త వాల్టర్ మాండ్లర్ రూపొందించిన నాలుగో తరం ఆరు గాజులతోనే పని సాగించి, 0.7 మీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. నా దానికి ఫోకస్ రింగు మీద ఉన్న చిన్న ట్యాబ్‌ను (వేలితో నెట్టే పిడిని) కొన్ని నెలలు వాడితే, వేలు ఏ స్థానంలో ఉందో దాన్నిబట్టే దూరం తెలిసిపోతుంది. కాంట్రాస్ట్ (వెలుగునీడల మధ్య తేడా) ఎక్కువ. కాకపోతే గట్టి వెలుగు ఫ్రేము అంచుకు కొంచెం అవతల ఉంటే బొమ్మలో పాలమీగడలాంటి తెల్లదనం పరుచుకుంటుంది, లెన్స్ ముందు నీడపట్టే హుడ్ వేసినా పూర్తిగా పోదు.

ఒక్కటే కొనుక్కునేవారికి నాలుగో తరాన్నే సూచిస్తాను. నేను ఒక్కటే ఉంచుకోవాల్సి వస్తే రిజిడ్‌ను ఉంచుకుంటాను, బహుశా చెయ్యి దానికి అలవాటుపడిపోవడం వల్ల. ఏది కొన్నా ముందు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చి వేసి లోపలి మసకను చూడండి, రింగును ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తిప్పండి. ఒకచోట బరువుగా, మరోచోట వదులుగా తగిలితే లోపల గ్రీజు ఎండిపోయిందన్నమాట, ఆ మరమ్మతు ఖర్చును కూడా ధరలో కలుపుకొని బేరమాడండి.